మెట్ల లైటు ఏంటికి ఆరలేదు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అరవై దాటినోళ్లు ఆర్డుయినో లాంటి చిన్న కంప్యూటర్ బోర్డులు పట్టుకుని ప్రోగ్రాం రాయడం నేర్చుకోవచ్చా అని పోయిన నెల ఒకాయన అడిగితే, నేర్చుకోవచ్చు, నేనే 56 ఏళ్ల వయసులో మొదలుపెట్టినా అని రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నా. ఆ రెండు ముక్కలకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలే. అందులో సగం మన సీమ నుంచే. అన్నిటికీ రాసే జాగా లేదు కాబట్టి ఈసారికి నాలుగు.

ప్రశ్న: సార్ నమస్తే. మాది కర్నూలు, సీ క్యాంపు దగ్గర. ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనా, వయసు 64. మనవడు వాడి పాత ఆర్డుయినో ఊనో బోర్డు ఇచ్చిపోతే, మెట్ల కాడ బటన్ నొక్కితే లైటు వెలిగి ఒక నిమిషానికి దానంతట అదే ఆరిపోయేట్టు చేద్దామని కూర్చున్నా. డిలే 1000 అంటే ఒక సెకను ఆగమని చెప్పినట్టు అని తెలుసుకుని, డిలేలో 30 ఇంటూ 1000 అని రాస్తే కరెక్టుగా 30 సెకన్లకి ఆరింది. 60 ఇంటూ 1000 రాస్తే అసలు ఆరదే, రాత్రంతా వెలుగుతానే ఉంది. పోనీలే అని 90 ఇంటూ 1000 పెడితే 24 సెకన్లకే ఆరిపోయింది. రిలే (బోర్డు చెప్తే లైటు కరెంటుని కలిపి తెంపే స్విచ్చు) మార్చినా, వైర్లు మార్చినా, ఆఖరికి ఇంకో బోర్డే కొన్నా, అదే తంతు. మనవడేమో బెంగళూరులో వాడి ఈఎస్పీ32 అనే ఇంకో రకం బోర్డులో ఇదే ప్రోగ్రాం వేసి చూసి, నాకు బానే వస్తాంది తాతా అంటాడు. మా ఆమె, అరవై దాటితే నీకే కాదు నీ బోర్డుకి కూడా లెక్కలు రావు అంటాంది. తప్పు నాదా, బోర్డుదా? – రిటైర్డ్ ఎలక్ట్రీషియన్, కర్నూలు

జవాబు: సార్, ముందు మీకో దండం. చానామంది "సరిగా పనిచేయట్లే" అని ఒక లైను రాసి పంపుతారు, మీరు గడియారం పెట్టుకుని 24 సెకన్లు అని చూసి రాసినారు, ఆ ఒక్క అంకెతోనే రోగం దొరికింది. రిలే కాదు, వైర్లు కాదు, మీ వయసు అంతకన్నా కాదు. ఇంటామె అన్నమాట మాత్రం సగం నిజమే, 32 దాటినాక ఆ బోర్డుకి లెక్క రాదు.

ఎట్లంటే, ఊనో బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ చిప్పులో మామూలు పూర్ణాంకానికి, అంటే మనం ఇంట్ అని రాసేదానికి, 16 బిట్ల జాగానే ఇస్తారు, బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి. 16 బిట్లలో మొత్తం 65,536 అంకెలు పడతాయి, అందులో సగం మైనస్ వైపు పోగా ప్లస్ వైపు 32,767 వరకే మిగుల్తుంది. మీరు రాసిన 60 చిన్న అంకె, 1000 కూడా చిన్న అంకె, రెండూ ఇంట్ గానే ఉంటాయి కాబట్టి వాటిని హెచ్చవేసినప్పుడు వచ్చే జవాబుని కూడా ఆ చిన్న డబ్బాలోనే కుక్కాలని చూస్తుంది. పాత స్కూటర్ మీటర్ గుర్తుందా, 99,999 దాటితే లక్ష చూపించడానికి జాగా లేక మళ్లీ సున్నాల కాడికి తిరిగేది, ఇదీ అట్లాంటిదే, కాకపోతే ఇది సున్నాకి బదులు మైనస్ వైపుకి దూకుతుంది. 60,000 లోంచి 65,536 తీసేయండి, మైనస్ 5,536. డిలేకి మైనస్ అనేదే తెలియదు, కాలం వెనక్కి పోదు కదా, అందుకని అది దాన్ని 429 కోట్ల పైచిలుకు మిల్లీసెకన్లుగా, అంటే సెకనులో వెయ్యో వంతులుగా చదువుకుంటుంది. అంటే 49 రోజుల 17 గంటలు. మీ లైటు ఆరదు అని కాదు సార్, ఒకటిన్నర నెల దాటినాక ఆరుండేది.

ఇంక 90 సంగతి. 90,000 లోంచి 65,536 పోతే 24,464. మిల్లీసెకన్లలో అది 24 సెకన్ల చిల్లర, మీరు చూసింది అదే. నమ్మకం కుదరకపోతే 70 పెట్టి చూడండి, నాలుగున్నర సెకన్లలోపే ఆరిపోతుంది. 32 పెడితే సరిగా వస్తుంది, 33 పెడితే మళ్లీ 49 రోజులే.

మందు చిన్నదే. 1000 పక్కన ఖాళీ లేకుండా యూ, ఎల్ అనే రెండక్షరాలు పెద్ద బడిలో రాయండి, ఇది పెద్ద డబ్బాలో పట్టే అంకె అని దాని అర్థం, లెక్కంతా పెద్ద డబ్బాలోనే జరుగుతుంది. తమాషా ఏందంటే హెచ్చవేత లేకుండా నేరుగా 60000 అని రాసున్నా పనిచేసేది, ఎందుకంటే అంత అంకె చిన్న డబ్బాలో పట్టదని కంపైలర్‌కి, అంటే మనం రాసింది చిప్పు భాషలోకి మార్చేదానికి, చూడంగానే తెలుస్తుంది. విడివిడిగా రెండు చిన్న అంకెలు ఇచ్చినందుకే మోసపోయింది. మీ మనవడి ఈఎస్పీ32లో ఇంట్ 32 బిట్లు, 200 కోట్లు దాటినా పడుతుంది, అందుకే వాడికి బాగొచ్చింది. వాడు అబద్ధం చెప్పలే, మీరూ తప్పు చూళ్లే.

నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. ఇట్లాంటి తప్పు రాస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది, కానీ ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఆ హెచ్చరికలు మొదట్నుంచీ ఆఫ్‌లో పెట్టి ఇస్తారు, కొత్తోళ్లు బెదురుతారని కాబోలు. ఫైల్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కి పోయి కంపైలర్ వార్నింగ్స్ అన్నచోట ఆల్ అని పెట్టుకోండి. మీరు ఇంకో బోర్డు కొన్న డబ్బులు మిగిలుండేవి.

ఒక జాగ్రత్త, డిలే నడుస్తున్నంతసేపు ప్రోగ్రాంలో మిగతాదంతా ఆగిపోయుంటుంది, ఆ నిమిషంలో ఇంకొకరు వచ్చి బటన్ నొక్కినా దానికి కనపడదు. దానికి మిల్లిస్ అనే పద్ధతి ఉంది, డిలే మీద మీకు విసుగు పుట్టినాక నేర్చుకోండి, ఇప్పుడే వద్దు. రిలే అవతల ఉండేది 230 వోల్టులు, దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించమని డిపోలో పనిచేసిన మీకు నేను చెప్పనక్కర్లే. బస్సులో ఎర్త్ సరిగా పట్టకపోతే ఇండికేటర్ వేస్తే ఇంకేదో లైటు మినుకుమంటుంది కదా, ఈ బోర్డుల్లో కూడా వింత వింత రోగాలన్నీ ఎక్కువగా జీఎన్‌డీ (గ్రౌండ్) వైరు కలవక వచ్చేవే. ఇంజనీరింగ్ చదివే పిల్లోళ్లకి అది ఒంటబట్టడానికి రెండేళ్లు పడుతుంది, మీ చేతికి ఎప్పుడో వచ్చిన విద్య అది.

ప్రశ్న: అయ్యా, నేను కడపలో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయినాను, 61 ఏళ్లు. మేడ మీద కుండీల్లో మొక్కలున్నాయి, మేము ఊరికి పోయినప్పుడు నీళ్లు పోసే ఏర్పాటు నేనే చేసుకోవాలని కోరిక. హైదరాబాదులో ఉండే మా అబ్బాయి 37 సెన్సర్ల కిట్ పంపిస్తానంటాడు. వీధిలో ట్యూషన్ చెప్పే అబ్బాయి పైథాన్ అనే ప్రోగ్రాం భాష నేర్చుకోండి మేడమ్ అంటాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, దగ్గరివి చూడాలంటే అద్దాలు కావాల్సిందే. నావల్ల అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? – రిటైర్డ్ టీచర్, కడప

జవాబు: అవుతుందమ్మా. కిట్ మాత్రం వద్దని అబ్బాయికి చెప్పేయండి. 37 సెన్సర్లు ఇంటికొస్తే 37 రకాల దిగులు వచ్చినట్టే, అందులో మీ మొక్కలకి పనికొచ్చేవి ఒకటో రెండో, మిగతావి అల్మారాలో పడుంటాయి. నా దగ్గర అట్లాంటి డబ్బా ఒకటి ఉంది, అందులో గుండె చప్పుడు చూసే సెన్సర్ కూడా ఉంది, ఇన్నేళ్లలో ఒక్కసారి బయటికి తీసింది లేదు.

మొదటి వారం రూపాయి ఖర్చు పెట్టొద్దు. టింకర్‌క్యాడ్ అని ఉంది, కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిస్తే చాలు, ఉచితం, బొమ్మ ఆర్డుయినో, బొమ్మ బల్బు, బొమ్మ వైర్లు, అన్నీ తెరమీదే కలిపి ప్రోగ్రాం రాసి నడిపించొచ్చు. అక్కడ తప్పు చేస్తే ఏదీ కాలదు. తెరమీద బల్బు మినుకుమనడం చూసి సంతోషం కలిగితే అప్పుడు కొనండి, ఊనో బోర్డు ఒకటి, బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చి కలిపే రంధ్రాల పలక) ఒకటి, వైర్లు, ఐదారు ఎల్‌ఈడీలు, కరెంటుని అదుపు చేసే 220 ఓమ్ రెసిస్టర్లు, వోల్టులూ ఓమ్‌లూ కొలిచే ఒక చవక మల్టీమీటర్. సెన్సర్ కొనేది ఆ తర్వాతే.

ఇంగ్లీషు గురించి దిగులెందుకమ్మా, మొదటి ఆరు నెలల్లో వాడే మాటలు పట్టుమని పదిహేను ఉండవు. సెటప్, లూప్, పిన్‌మోడ్, డిజిటల్‌రైట్, డిజిటల్‌రీడ్, అనలాగ్‌రీడ్, డిలే, ఇఫ్, ఎల్స్, ఇంట్, సీరియల్ ప్రింట్, ఇట్లాంటివే. గుడికి పోయినప్పుడు సంకల్పం ఒక్కసారే చెప్పుకుంటాం, ప్రదక్షిణలు తిరుగుతానే ఉంటాం, సెటప్ అంటే ఆ సంకల్పం, లూప్ అంటే ప్రదక్షిణ, కరెంటు ఉన్నంతసేపు తిరుగుతానే ఉంటుంది. మీరు తెలుగు టీచర్ కాబట్టి ఇంకోటి సులభంగా పడుతుంది. ఒక ఈక్వల్ గుర్తు పెడితే "ఇది పది" అని చెప్పినట్టు, రెండు పెడితే "ఇది పదా?" అని అడిగినట్టు. మనకి చివర ఒక దీర్ఘంతో ప్రశ్న అయిపోతుంది, వాళ్లకి ఇంకో గీతల జత. ఇఫ్‌లో ఒకటే గుర్తు పెట్టి, ఎప్పుడూ అవునంటాంది ఇదేందని జుట్టు పీక్కోని వాళ్లు ప్రోగ్రామర్లలో లేరు. పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా కూడా అంతే, కల వేరు కాల వేరు అని పిల్లలకి మీరు ఎన్ని వేలసార్లు ఎర్ర ఇంకుతో దిద్దుంటారో, కంపైలర్ కూడా అట్లాంటి టీచరే.

దాంట్లో ఒక చిక్కు మాత్రం ఉంది. ఐదో లైను చివర సెమీకోలన్ మరిచిపోతే తప్పు ఆరో లైనులో ఉందని చూపిస్తుంది, ఎందుకంటే ఆరో లైను మొదలయ్యేదాకా ఐదోది ముగియలేదని దానికి తెలియదు. ఆరో లైనుని గంటసేపు చూస్తూ కూర్చోవద్దు, ఒక మెట్టు పైకి చూడండి. ఎర్ర అక్షరాలు ఇరవై లైన్లు వచ్చినా మొదటి దాన్ని మాత్రమే చదవండి, మిగతావి సాధారణంగా దాని పిల్లలే.

బోర్డు వచ్చిన రోజు ఏం జరుగుతుందో కూడా చెప్తా, ఎందుకంటే నాకు జరిగింది. కంప్యూటర్‌కి తగిలిస్తే బోర్డు మీద లైటు వెలిగింది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పోర్టే కనపడలే. రెండు రోజులు సాఫ్ట్‌వేర్ తీసి వేసి తీసి వేసి, చివరికి తెలిసిందేందంటే నేను వాడిన కేబుల్ ఛార్జింగ్‌ది, అందులో డేటా తీగలే లేవు. కాబట్టి పోర్టు కనపడకపోతే మొదట కేబుల్ మార్చండి, ఆ తర్వాత సీహెచ్340 డ్రైవర్ (బోర్డుని కంప్యూటర్ గుర్తుపట్టేట్టు చేసే సాఫ్ట్‌వేర్) వేయండి, మన దగ్గర దొరికే తక్కువ రేటు బోర్డుల్లో ఎక్కువగా ఆ చిప్పే ఉంటుంది.

కళ్ల విషయం నేను తేలిగ్గా తీసుకోను. నాలుగు గీతల రెసిస్టర్ మీద మొదటి మూడు ఎరుపు, ఎరుపు, గోధుమ ఉంటే 220 ఓమ్‌లు, కానీ నీలం రంగు ఒంటి మీద ఆ గోధుమకీ ఎరుపుకీ నారింజకీ తేడా ట్యూబ్‌లైటు కింద నాకే తెలియదు, మల్టీమీటర్ పెట్టి కొలిచేస్తా. సన్నటి అక్షరాలకి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. బ్రెడ్‌బోర్డులో ఐదు రంధ్రాల వరుస లోపల ఒకటే అని, నిలువుగా ఉండే ఎరుపు నీలం లైన్లు కొన్ని బోర్డుల్లో మధ్యలో తెగి ఉంటాయని గుర్తుపెట్టుకోండి, రెండో సగంలో కరెంటు రాలేదంటే కారణం అదే అయ్యుంటుంది. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్. వైరు మార్చే ముందు కేబుల్ పీకేయండి, పట్టుకొని గుచ్చే చెయ్యి కొంచెం వణికినా అప్పుడు భయం ఉండదు.

పైథాన్ కూడా మంచిదే. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు మీద, చిన్న బోర్డుల కోసం చేసిన మైక్రోపైథాన్ చక్కగా నడుస్తుంది, సెమీకోలన్ గోల లేదు, బ్రాకెట్ల గోల తక్కువ. దేన్ని ఎంచుకోవాలని నన్నడిగితే, పక్కన కూర్చుని చూపించేవాళ్లకి ఏది వస్తే అది. ఆ ట్యూషన్ అబ్బాయి వారానికొక గంట నిజంగా కూర్చుంటానంటే పికో, మాటవరసకి చెప్పి పోయే రకమైతే ఊనో. అన్నట్టు ఈ ఆర్డుయినో పుట్టిందే ఎలక్ట్రానిక్స్ చదవనోళ్ల కోసం. 2005లో ఇటలీలో ఇవ్రియా అనే ఊర్లో డిజైన్ చదివే పిల్లల కోసం చేసినారు, ఆ ఊర్లో వాళ్లు కూర్చునే బార్ పేరే దానికి పెట్టినారు.

మొక్కలకొస్తే, మట్టిలో తేమ చూసే సెన్సర్లలో రెండు కాళ్లు ఫోర్కులాగా లోహం బయటికి కనపడేవి కొనొద్దు, తడి మట్టిలో కరెంటు పారి వారాల్లోనే తుప్పు తినేస్తుంది. కెపాసిటివ్ అని అడగండి. అది ఇచ్చే అంకె ఊనోలో 0 నుంచి 1023 లోపల వస్తుంది, తడి పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఏ అంకె కాడ నీళ్లు పెట్టాలనేది ఎవరి వీడియోలోంచీ తీసుకోవద్దు, మీ కుండీలో మీ మట్టి ఎండినప్పుడు ఎంత, నీళ్లు పోసినాక ఎంత అని వారం రోజులు నోట్‌బుక్‌లో రాసుకోండి. కడప ఎండకి మేడ మీద కుండీ ఎంత త్వరగా ఆరుతుందో ఆ నోట్‌బుక్‌కే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం వైపు పల్లె. ఐదెకరాల చీనీ తోట, డ్రిప్పు ఉంది. 57 ఏళ్లు, పదో తరగతి. వీడియోలు చూసి ఆర్డుయినో, నీలం రంగు రిలే తెచ్చినా. 7.5 హెచ్‌పీ బోరు మోటర్‌ని ఆ రిలేకి కలిపేస్తే టైముకి ఆన్ ఆఫ్ అవుతుంది కదా? – రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వద్దన్నా, ఆ పని చేయొద్దు. ఆ రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసుంటుంది చూడు. నీ మోటర్ నడిచేటప్పుడే ఫేజుకి 10 ఆంపియర్లు దాటి లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారింతలు, పైగా మూడు ఫేజులు ఒకేసారి కలవాలి, ఒకేసారి తెగాలి. రిలే అతుక్కుపోయి ఒక ఫేజు మిగిలిపోయిందంటే బోర్లోంచి మోటర్ పైకి తీసే ఖర్చు నీకు నేను చెప్పాల్నా. స్టార్టర్ లోపలి కాయిల్‌ని రిలేతో నడిపితే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటారు, కానీ మన స్టార్టర్లలో ఎక్కువ భాగం ఆ కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద ఉంటుంది, ఆ రిలేకి అదీ మించిందే. మోటర్‌కి ఫోన్‌తో నడిచే రెడీమేడ్ స్టార్టర్ పెట్టించుకో, లేదా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించు.

అట్లని బోర్డు మూలన పడేయొద్దు. నీకు సరిపోయే పని డ్రిప్పులోనే ఉంది. తోటని రెండు మూడు భాగాలు చేసి ఒక్కొక్క లైనుకి 24 వోల్టుల సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) పెట్టుకుంటే, ఏ భాగానికి ఎంతసేపు నీళ్లు పోవాలో ఆర్డుయినో చూసుకుంటుంది, ఆ వాల్వులకి నీ నీలం రిలే చక్కగా చాలుతుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు ఒకటి మరవొద్దు, మొదటి వాల్వు మూసి తర్వాత రెండోది తెరిస్తే ఆ మధ్యలో మోటర్ నీళ్లు యాడికి పోవాల, పైపులు పగుల్తాయి, కాబట్టి రెండోది ముందు తెరిచి నాలుగైదు సెకన్లకి మొదటిది మూయించు.

ఇంకోటి, మనకి వ్యవసాయానికిచ్చే తొమ్మిది గంటల కరెంటు మధ్యలో పోతా వస్తా ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు అంతా మరిచిపోయి సెటప్ నుంచి మొదలుపెడుతుంది, అంటే పొద్దున రెండుసార్లు కరెంటు పోతే మొదటి భాగానికే మూడుసార్లు నీళ్లు, ఆఖరి చెట్లకి చుక్క ఉండదు. ఊనోలో ఈఈప్రామ్ అని 1 కేబీ చిన్న జాగా ఉంది, కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోదు. ఇప్పుడు ఏ భాగం నడుస్తాందో భాగం మారినప్పుడల్లా అందులో ఒక అంకె రాయించు, మళ్లీ లేచినప్పుడు ముందు దాన్ని చదివించు. లూప్‌లో ప్రతి తిరుగుడుకీ మాత్రం రాయించొద్దు, దానికి ఒక్కో గడిలో లక్షసార్లు రాసేంతే ఆయుష్షు, లూప్ తిరిగే వేగానికి అది పూట కూడా నిలవదు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బంగారు అంగడిలో లెక్కలు రాస్తా, 59 ఏళ్లు. ఫోన్లో ఏఐని అడిగితే ప్రోగ్రాం మొత్తం రాసిచ్చేస్తాంది, ఇంక మేము నేర్చుకునేదేముంది సార్? – ప్రొద్దుటూరు

జవాబు: రాసిస్తుంది, నేనూ అడుగుతా, సిగ్గేం లేదు. అడిగేటప్పుడు ఏ బోర్డు, ఏ పిన్నుకి ఏది తగిలించినారు, ఏం జరగాల, ఇప్పుడు ఏం జరుగుతాంది అని నాలుగూ చెప్పండి, లేకపోతే ఈఎస్పీ32కి రాసింది ఊనోకి ఇస్తుంది, పైన కర్నూలు సార్‌కి జరిగిందే మీకూ జరుగుతుంది. అది ఇచ్చిన ప్రోగ్రాంలో ప్రతి లైను పక్కన ఇది ఏం చేస్తుందో తెలుగులో మీ చేత్తో మీరు రాయండి. రాయలేని లైను దగ్గర ఆగి దాన్నే అడగండి. అంగడిలో ఎవరో కట్టిచ్చిన లెక్కని కూడి చూడకుండా మీరు సంతకం పెడతారా?